షెడ్డులో దొరికిన పాత హాట్ రాడ్: ఏది బాగుచేయాలి, ఏది అలాగే వదిలేయాలి

అమెరికాలో, అందులోనూ కాలిఫోర్నియా చుట్టుపక్కల, ఏళ్ల తరబడి తలుపు తీయని షెడ్డుల్లోంచి అప్పుడప్పుడూ ఒక విచిత్రమైన కారు బయటపడుతుంటుంది. మడ్‌గార్డులు ఉండవు. బానెట్ ఉండదు, ఇంజిన్ బయటికే కనిపిస్తుంటుంది. బాడీ 1929 నాటిది, ఇంజిన్ 1948 నాటిది, బ్రేకులు 1940 కారులోంచి తీసినవి, డ్యాష్‌బోర్డులో మీటర్లు యుద్ధ విమానానివి. ఏ ఫ్యాక్టరీలోనూ ఇలాంటి బండి తయారు కాలేదు. ఎవరో కుర్రాడు తన ఇంటి వెనక గ్యారేజీలో, దొరికిన సామానుతో కట్టుకున్నాడు. అదే పాతకాలపు హాట్ రాడ్ రోడ్‌స్టర్.

చరిత్ర రుజువైన ఇలాంటి బండ్లకు వేలంలో లక్షల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. అచ్చం అలాగే కనిపించే మరో బండి చాలా తక్కువకే పోతుంది. రెండూ ఫోర్డులే, రెండింటికీ అదే రంగు, అదే ఇంజిన్. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లను తికమకపెట్టేది ఈ తేడానే. దొరికిన బండిని బాగుచేయడంలో జరిగే నష్టాలు చాలావరకు ఈ తేడా అర్థం కాకపోవడం వల్లే జరుగుతున్నాయి.

సంక్షిప్తంగా

మామూలు పాత కారును బాగుచేసేవాళ్లకు ఫ్యాక్టరీ లెక్కే ప్రమాణం. హాట్ రాడ్‌కు అలాంటి ప్రమాణం లేదు. దాన్ని కట్టిన మనిషి చేసిన మార్పులే దాని అసలు రూపం. అందుకే ఇక్కడ రిపేరు కంటే ముందు ఆధారాల సేకరణ రావాలి. బాడీ అప్పటిదేనా, ఛాసిస్ నంబరు కాగితాలతో కలుస్తుందా, ఇంజిన్ బ్లాకులో పగుళ్లున్నాయా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఖర్చు గురించి ఆలోచించాలి. బ్రేకులు, స్టీరింగ్ విషయంలో మాత్రం చరిత్ర కన్నా ప్రాణానికే ప్రాధాన్యం.

రోడ్‌స్టర్ మీదే ఎందుకు పడ్డారు

రోడ్‌స్టర్ అంటే రెండు సీట్ల, పైకప్పు లేని కారు. మడిచే గుడ్డ టాప్ ఉంటుంది, పక్క తలుపులకు ఎక్కించి దించే అద్దాలు ఉండవు, ముందు అద్దం ఫ్రేమును బోల్టులు విప్పి తీసేయొచ్చు. అప్పట్లో ఫోర్డు అమ్మిన చవక కార్లలో ఇదొకటి. మోడల్ టీ 1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైంది. దాని తర్వాత వచ్చిన మోడల్ ఏ 1931 వరకు నడిచి, దాదాపు 50 లక్షల దగ్గర ఆగింది. అంటే 1930ల చివరికి పాత ఫోర్డులు అమెరికాలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. జేబులో పెద్దగా డబ్బులేని కుర్రాళ్లకు కూడా అందే ధరకే దొరికేవి.

వాటిని వేగంగా పరిగెత్తించడానికి చోటు కూడా దగ్గర్లోనే ఉంది. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మొహావే ఎడారిలో మురాక్, ఎల్ మిరాజ్, హార్పర్ లాంటి ఎండిపోయిన సరస్సులు ఉన్నాయి. మైళ్ల కొద్దీ బల్లపరుపు నేల, అడ్డు లేదు. అక్కడ జరిగే పందేలను ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. నేల ఎలాగూ చదునే కాబట్టి వేగం మూడే విషయాల మీద ఆధారపడేది. ఒకటి ఇంజిన్ బలం, రెండోది బండి బరువు, మూడోది గాలికి అది అడ్డుపడే తీరు. రోడ్‌స్టర్ ఎలాగూ తేలిక. మడ్‌గార్డులు, టాప్, ముందు అద్దం విప్పేస్తే ఇంకా తేలిక. పందెం అయ్యాక అద్దం మళ్లీ బిగించుకుని అదే బండిలో ఇంటికి వెళ్లొచ్చు. మడ్‌గార్డులు లేని ఆ రూపం సోకు కోసం పుట్టింది కాదు, అవసరం కొద్దీ పుట్టింది.

1932లో అసలు మలుపు వచ్చింది. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ అప్పటిదాకా ఖరీదైన కార్లకే ఉండేది. మొత్తం బ్లాకును ఒకే ముక్కగా పోత పోసే పద్ధతిని సాధించి ఫోర్డు దాన్ని చవక కారులోకి తెచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 3.6 లీటర్ల ఆ ఇంజిన్ 65 హార్స్‌పవర్ ఇచ్చేది. అంతకుముందు మోడల్ ఏ ఇచ్చింది 40. వీ8 రోడ్‌స్టర్ ధర 460 డాలర్లు. ఆ ఏడాది ఫోర్డు ఛాసిస్ కూడా ప్రత్యేకమే. పక్క పట్టీల మీద నొక్కి తీసిన గీత బయటికే కనిపిస్తుంది, మడ్‌గార్డులు తీసేసినా అందంగానే ఉంటుంది. మోడల్ ఏ బాడీని తెచ్చి 1932 ఛాసిస్ మీద కూర్చోబెట్టడం, ముందు 1932 గ్రిల్ తగిలించడం ఆ కాలపు కుర్రాళ్లకు మామూలు పని.

రెండో ప్రపంచ యుద్ధం ఈ సరదాను కొన్నాళ్లు ఆపింది, ఆ తర్వాత రెట్టింపు చేసింది. ఇనప తుక్కు సేకరణలో ఎన్నో పాత కార్లు కరిగిపోయాయి. మురాక్ నేల సైన్యం చేతికి వెళ్లి, ఇప్పటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో కలిసిపోయింది. కానీ 1945 తర్వాత ఇంటికి వచ్చిన సైనికుల్లో చాలామందికి వెల్డింగ్, ఇంజిన్ పని చేతికి వచ్చేసింది. మిలిటరీ మిగులు సరుకులో విమాన సీట్లు, బెల్టులు, మీటర్లు చవగ్గా దొరికాయి. 1949లో ఉటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ అనే వేగ పందేల వారం మొదటిసారి జరిగింది. ఇవాళ షెడ్డుల్లో దొరికే బండ్లలో ఎక్కువ విలువైనవి యుద్ధం తర్వాతి ఈ పదేళ్ల కాలంలో కట్టినవే.

ఎందుకు మూలన పడ్డాయి

1949లో కాడిలాక్, ఓల్డ్స్‌మొబిల్ కంపెనీలు వాల్వులు పైన హెడ్డులో, అంటే సిలిండర్ల మీద బిగించే భాగంలో, ఉండే వీ8లు తెచ్చాయి. 1955లో షెవర్లే చిన్న వీ8 వచ్చింది. 265 క్యూబిక్ అంగుళాల ఆ ఇంజిన్ మామూలు రూపంలోనే 162 హార్స్‌పవర్ ఇచ్చేది. పాత ఫోర్డు ఇంజిన్ మీద నెలల తరబడి కష్టపడి సాధించే బలం, తుక్కు యార్డులో కొన్న షెవర్లే ఇంజిన్‌తోనే వచ్చేసింది. 1960ల మధ్య నుంచి కంపెనీలే బలమైన కార్లను షోరూముల్లో వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టాయి. సొంతంగా కట్టుకోవాల్సిన అవసరం తగ్గిపోయింది.

మరో కారణం ఇంటి పరిస్థితి. పెళ్లయి పిల్లలు పుట్టాక, రెండు సీట్లతో, వానకు తడిసిపోయే కారు ఇంటికి పనికిరాదు. అమ్మితే పెద్దగా డబ్బు రాదు. అలా ఇంజిన్ తీసి ఇంకో బండికి వేసేసి, మిగతాది షెడ్డులో ఓ మూలకు నెట్టేశారు. అందుకే దొరికే బండ్లు చాలావరకు ఇంజిన్ లేకుండానే దొరుకుతాయి. అది లోపం కాదు, ఆ బండి జీవితంలో సహజంగా జరిగిన ఘట్టం.

1990ల నుంచి గాలి మళ్లింది. మెరిసే రంగులు, ఏసీ, కొత్త సస్పెన్షన్‌తో కట్టిన స్ట్రీట్ రాడ్‌ల మీద మొహం మొత్తిన ఒక వర్గం, 1940ల పద్ధతిలోనే కట్టిన బండ్ల వైపు తిరిగింది. 1997లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో జరిగే పేరున్న పాత కార్ల ప్రదర్శనలో తొలిసారిగా హాట్ రాడ్‌లకు ఒక విభాగం కేటాయించారు. అంతవరకు అక్కడ మెరిసింది సంపన్నుల రోల్స్‌రాయిస్‌లు, బుగట్టీలు. ఆ గడప తొక్కాక హాట్ రాడ్‌ను చూసే చూపే మారిపోయింది.

అసలుదా, కొత్తగా కట్టిందా

ఒహాయోలోని బ్రూక్‌విల్ రోడ్‌స్టర్ అనే సంస్థ మోడల్ ఏ, 1932 రోడ్‌స్టర్ బాడీలను కొత్త ఉక్కు రేకుతో తయారుచేసి అమ్ముతోంది. ఫైబర్‌గ్లాస్ బాడీలు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఛాసిస్, యాక్సిల్, చివరికి కార్బ్యురేటర్ కూడా కొత్తవి దొరుకుతాయి. అంటే ఒక్క పాత ముక్క లేకుండా 1932 రోడ్‌స్టర్ కట్టొచ్చు. ఇందులో మోసం ఏమీ లేదు. నిజానికి ఇది మేలే చేసింది. బాగుపడే అవకాశం ఉన్న పాత సెడాన్లను కోసి రోడ్‌స్టర్లుగా మార్చాల్సిన పని తప్పింది. కొత్తదాన్ని పాతదని చెప్పి అమ్మినప్పుడే చిక్కు.

కొత్త రేకు శుభ్రంగా ఉంటుంది. పాత రేకు తన కథ తానే చెబుతుంది. డ్యాష్‌బోర్డు వెనక తల పెట్టి చూస్తే అవసరం లేని రంధ్రాలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఒక మీటరు ఉండి, తర్వాత తీసేసి, ఇంకోచోట వేరేది పెట్టిన గుర్తులు అవి. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే అడ్డురేకు మీద మ్యాగ్నెటో (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పుట్టించే పరికరం) కోసం సుత్తితో కొట్టి చేసిన గుంట ఉండొచ్చు. పాత గ్యాస్ వెల్డింగ్ అతుకు వెడల్పుగా, అలలు అలలుగా ఉండి చుట్టూ రేకు కాస్త ముడుచుకుపోతుంది. అప్పట్లో అతుకుల్ని సీసం కరిగించి పూడ్చేవారు, నేటిలా పుట్టీ కాదు. అయస్కాంతం రెండింటికీ అంటుకోదు. గోటితో గీసి చూస్తే సీసం బూడిద రంగులో మెరుస్తుంది. దాన్ని గ్రైండర్‌తో మాత్రం రాయకూడదు, సీసం పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చాలా ప్రమాదం.

రేకు తర్వాత నంబరు. ఇక్కడే ఎక్కువ టెన్షన్. ఆ రోజుల్లో అమెరికా రాష్ట్రాలు చాలావరకు ఇంజిన్ నంబరుతోనే కారును రిజిస్టర్ చేసేవి. హాట్ రాడ్ కట్టినవాడు మొదట మార్చేదే ఇంజిన్. దాంతో చేతిలో ఉన్న కాగితాల్లోని నంబరు ఎప్పుడో తుక్కులోకి పోయిన ఇంజిన్‌ది అయ్యుంటుంది. అదృష్టవశాత్తూ ఫోర్డు అదే నంబరును ఛాసిస్ ఎడమ పట్టీ పైభాగంలో కూడా కొట్టేది. మోడల్ ఏలో అది బాడీ కింద దాక్కుని ఉంటుంది, బాడీ పైకెత్తితే గానీ కనిపించదు. అందుకే బేరం కుదిరేముందు కనీసం బోల్టులు వదులు చేసి బాడీ కాస్త లేపి చూడనిమ్మని అడగడం తప్పు కాదు, తప్పనిసరి. ఒప్పుకోని అమ్మకందారు నుంచి కొనకపోవడమే మంచిది.

నంబరు లేని, లేదా కలవని బండి రిజిస్ట్రేషన్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. కాలిఫోర్నియాలో 2001 నాటి చట్టం ఒకటి ఉంది. సొంతంగా కట్టిన వాహనాల్లో ఏడాదికి 500 వాటికి మాత్రమే, బాడీ పోలిన సంవత్సరం లేదా ఇంజిన్ సంవత్సరం ప్రకారం పొగ నిబంధనలు వర్తింపజేస్తారు. అమెరికాలో ఉంటూ వారాంతపు కార్ల మేళాల్లో ఈ బండ్లు చూసి మనసు పారేసుకునే తెలుగువాళ్లు, కొనేముందు తమ రాష్ట్రపు రవాణా శాఖ నిబంధన చదవాలి. కాగితం సరిగా లేని బండికి రేకు ఎంత బాగున్నా ధర సగం కూడా పెట్టదగ్గది కాదు.

ఇంజిన్ అసలు సమస్య ఎక్కడ

పాత ఫోర్డు వీ8ను ఫ్లాట్‌హెడ్ అంటారు. వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉంటాయి. హెడ్డు ఒక మూత లాంటిది మాత్రమే. అమెరికాలో ఫోర్డు కార్లకు ఇది 1932 నుంచి 1953 దాకా వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మోత వినసొంపుగా ఉంటుంది. కానీ దాని నిర్మాణంలోనే ఒక బలహీనత ఉంది.

వాల్వులు రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలాంటి చోట ఉంటాయి. కాలిన వేడి వాయువు అక్కడి నుంచి బయటికి రావాలంటే బ్లాకులోంచే, సిలిండర్ల సందుల్లోంచి ప్రయాణించాలి. పైగా ఒక్కో పక్క నాలుగు సిలిండర్లకు మూడే దారులు. మధ్యలోని రెండూ ఒకే దారి పంచుకుంటాయి. దీంతో ఆ వేడంతా చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది. రెండు నీటి పంపులు పెట్టినా ఈ ఇంజిన్ వేడెక్కుతుందన్న పేరు రావడానికి కారణం ఇదే. దీనికి తోడు పోత పోసినప్పుడు మిగిలిపోయిన ఇసుక, తీగలు, ఆపైన దశాబ్దాల తుప్పు నీటి దారులను మూసేస్తాయి. కొత్త రేడియేటర్ వేసినా వేడి తగ్గలేదని తల పట్టుకునేవాళ్లు చాలాసార్లు చూడని చోటు ఇదే. బ్లాకును పూర్తిగా విప్పి, రసాయనంలో నానబెట్టి, ఇనప కడ్డీతో లోపల గోకి ఇసుక బయటికి తీయాలి.

వేడి వల్ల వచ్చే రెండో జబ్బు పగుళ్లు. వాల్వు కూర్చునే చోటు నుంచి సిలిండర్ వైపు, లేదా హెడ్డు బోల్టు రంధ్రం వైపు సన్నటి గీతలా మొదలవుతాయి. చలిప్రాంతంలో నీళ్లు తీయకుండా వదిలేసిన ఇంజిన్ అయితే గడ్డకట్టిన నీళ్లు బ్లాకును కింది భాగంలో చీల్చేస్తాయి. ఇవి కంటికి కనిపించవు. బ్లాకును అయస్కాంతీకరించి, సన్నటి ఇనప పొడి చల్లితే పొడి పగులు వెంట పోగవుతుంది. ఈ పరీక్ష కాకముందు సిలిండర్లను తొలిచి సరిచేసే బోరింగ్‌కు, పిస్టన్లకు డబ్బు పెట్టడం శుద్ధ దండగ. పోత ఇనుములో పగులును మామూలు వెల్డింగ్ సరిగా అతకదు. పగులు పొడవునా ఒకదానితో ఒకటి కలిసేలా రంధ్రాలు వేసి, మరలున్న పిన్నులు తిప్పి బిగించి కుట్టుకుంటూ వెళ్లే పద్ధతి ఉంది. కొద్దిపాటి పగుళ్లకు అది బాగా పనిచేస్తుంది. పగుళ్లు నాలుగైదు వాల్వుల దగ్గర ఉంటే మరో బ్లాకు వెతుక్కోవడమే లాభం.

బ్లాకు బాగుంటే బలం పెంచే దారులు అప్పటివే ఇప్పటికీ ఉన్నాయి. 1949 తర్వాతి మెర్క్యురీ కారు క్రాంక్ షాఫ్ట్ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 4 అంగుళాలు, అదే కాలపు ఫోర్డుది 3.75. మెర్క్యురీ షాఫ్ట్ తెచ్చి ఫోర్డు బ్లాకులో వేస్తే సామర్థ్యం పెరుగుతుంది. అల్యూమినియం హెడ్డులు, రెండు మూడు కార్బ్యురేటర్లు పట్టే మానిఫోల్డులు ఎడెల్‌బ్రాక్, ఆఫెన్‌హౌజర్ లాంటి పేర్లతో అప్పట్లోనే వచ్చాయి. స్ట్రామ్‌బర్గ్ 97 కార్బ్యురేటర్ ఆ కాలానికి గుర్తుగా నిలిచిపోయింది. గొంతు వెడల్పు 0.97 అంగుళం కావడంతో దానికా పేరు. షెడ్డులో బండితో పాటు తుప్పు డబ్బాలో ఇలాంటి మానిఫోల్డు దొరికితే, పక్కన పడేయకుండా దాని మీద పోతలో ఉన్న అక్షరాలు చూడాలి. కొన్నిసార్లు ఆ ముక్క విలువ బండిలో పెద్ద వాటాయే ఉంటుంది.

చరిత్ర పక్కన పెట్టాల్సిన చోటు

1938 దాకా ఫోర్డు కార్లకు కడ్డీలతో పనిచేసే బ్రేకులే. 1939 నుంచి హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసేది) వచ్చింది. హాట్ రాడ్‌లు కట్టినవాళ్లు వెంటనే ఆ కార్ల బ్రేకులు తెచ్చి పాత యాక్సిళ్లకు బిగించారు. కాబట్టి హైడ్రాలిక్ బ్రేకులున్నాయని ఆ బండి పాతది కాదనుకోకూడదు.

అయితే ఆ హైడ్రాలిక్‌లో మాస్టర్ సిలిండర్ ఒకే గదితో ఉంటుంది. నాలుగు చక్రాలకూ ఒకటే దారి. ఎక్కడో ఒక గొట్టం చిట్లితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు దారులుండే పద్ధతి అమెరికాలో తప్పనిసరి అయింది 1960ల చివర్లోనే. బండిని రోడ్డు మీద నడపదలిస్తే, సీటు కింద కంటికి కనిపించని చోట రెండు గదుల సిలిండర్ పెట్టడం తెలివైన పని. దాని వల్ల బండి చరిత్రకు వచ్చే నష్టం ఏమీ లేదు, పాతది తీసి దాచుకుంటే సరిపోతుంది.

స్టీరింగ్ కడ్డీలు, ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచే రాడ్లు మరింత జాగ్రత్తగా చూడాలి. యాక్సిల్‌ను కిందికి వంచి బండి ఎత్తు తగ్గించడం, ఒక్కటిగా ఉన్న రాడ్డును మధ్యలో కోసి రెండు పక్కలకు విడదీయడం అప్పట్లో అందరూ చేసేవారు. ఆ వెల్డింగ్ చేసింది పందొమ్మిదేళ్ల కుర్రాడు కావచ్చు. ఏడు దశాబ్దాల తర్వాత ఆ అతుకును గుడ్డిగా నమ్మకూడదు. ఇంజిన్‌కు చేసిన పగుళ్ల పరీక్షే వీటికీ చేయించాలి.

ఏ సంవత్సరానికి తీసుకెళ్లాలి

1932 ఫోర్డును ఫ్యాక్టరీ స్థితికి తెచ్చేవాడికి ఈ ప్రశ్న రాదు. హాట్ రాడ్ మాత్రం ఒక మనిషి జీవితంలా మారుతూ వచ్చింది. 1946లో ఒక రూపం, 1951లో పందెం కోసం మరో రూపం, 1958లో షెవర్లే ఇంజిన్‌తో ఇంకో రూపం. ఏది అసలు?

డోన్ స్పెన్సర్ అనే హాట్ రాడ్ నిపుణుడి 1932 రోడ్‌స్టర్ దీనికి మంచి ఉదాహరణ. మెక్సికోలో జరిగే కరేరా పనామెరికానా రోడ్డు పందేన్ని మనసులో పెట్టుకుని ఆయన ఆ బండిని ఎంతో మార్చాడు. 1990ల్లో దాన్ని బాగుచేసినప్పుడు ఫోర్డు ఫ్యాక్టరీ రూపానికి కాకుండా స్పెన్సర్ ఇచ్చిన రూపానికే తీసుకొచ్చారు. 1997 పెబుల్ బీచ్‌లో తొలి హాట్ రాడ్ విభాగంలో గెలిచింది అదే. 1950లో ఓక్లండ్ ప్రదర్శనలో అమెరికాకెల్లా అందమైన రోడ్‌స్టర్‌గా మొదటి బహుమతి అందుకున్న బిల్ నీక్యాంప్ బండి కూడా 1929 ఫోర్డు బాడీని ఎసెక్స్ కారు ఛాసిస్ మీద కూర్చోబెట్టిందే. దాన్ని 'సరిదిద్ది' ఫోర్డు ఛాసిస్ వేస్తే దాని విలువే పోతుంది.

కాబట్టి నిర్ణయం ఆధారాన్ని బట్టి ఉండాలి. పాత ఫొటోలు, పందెంలో వచ్చిన వేగం చెక్కిన ఇత్తడి బిళ్ల, యజమాని కుటుంబం చెప్పే మాటలు, రేకు మీది రంధ్రాలు ఏ కాలాన్ని బలంగా చూపిస్తే ఆ కాలాన్నే పట్టుకోవాలి. పేరున్న గతం ఏదీ లేకపోయినా, పాత రంగు ఇంకా మిగిలి ఉంటే దాన్ని గీకేయకపోవడమే మేలు. వెలిసిన రంగు కింద ఇంకో పొర, దాని కింద మరో పొర ఉంటాయి. మళ్లీ పెయింట్ ఎన్నిసార్లయినా వేయొచ్చు, ఆ పొరల్ని మాత్రం తిరిగి తేలేం.

మన దేశపు చట్టం దీన్ని పూర్తిగా ఇంకో వైపు నుంచి చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాటికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తున్నాయి. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఈ లెక్కన డెబ్బై ఏళ్ల చరిత్ర ఉన్న హాట్ రాడ్ హైదరాబాద్‌కో విజయవాడకో వస్తే వింటేజ్ కోవలోకి రాదు. భద్రత దృష్ట్యా మన నిబంధనకు కారణం ఉంది. అయితే చేతిపనితో మారిన పాత వాహనానికి కూడా చారిత్రక విలువ ఉండొచ్చన్న ఆలోచనకు అందులో ఇంకా చోటు దొరకలేదు.

దొరికిన మొదటి రోజుల్లో

నష్టం ఎక్కువగా ఉత్సాహం వల్లే జరుగుతుంది. బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి చూద్దామన్న తొందర బిగుసుకుపోయిన పిస్టన్ రింగులను విరగ్గొడుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచటి నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. పాత ఫోర్డు వైరింగ్ 6 వోల్టులది, పైగా బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిసి ఉంటుంది. అలవాటు కొద్దీ 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే మీటర్లు కాలిపోతాయి. మోడల్ ఏలో పెట్రోల్ ట్యాంకు డ్యాష్‌బోర్డు వెనకే, డ్రైవర్ మోకాళ్ల ముందే ఉంటుంది. అందులో జిగురుగా మారిన పాత పెట్రోల్ ఖాళీ చేసి, ఆవిరి పూర్తిగా పోయాకే దగ్గర్లో వెల్డింగ్ గానీ గ్రైండింగ్ గానీ పెట్టుకోవాలి.

ఏ బోల్టు విప్పే ముందైనా ఫొటో తీయాలి, విప్పినదాన్ని చీటీ కట్టి దాచాలి. పనికిరాదనిపించే రేకు ముక్కను, వంగిన బ్రాకెట్‌ను కూడా పారేయకూడదు. షెడ్డు నేల మీది మట్టిని జల్లెడ పట్టి చూసేవాళ్లూ ఉన్నారు. అద్దం ఫ్రేము బోల్టో, పందెం బిళ్లో, ఏనాడో ఊడిపడిన స్విచ్చో అందులో దొరుకుతుంది. అమ్మిన కుటుంబంలో పెద్దవాళ్లు ఉంటే వాళ్లతో కూర్చుని మాట్లాడటం ఈ పనులన్నింటికంటే ముందు చేయాల్సింది. ఆ బండిని కట్టిన తరం తొంభైల్లో ఉంది. వాళ్ల దగ్గర ఆల్బమ్‌లో ఉన్న ఒక్క ఫొటో, ఏ ఇంజిన్ వేయాలో, ఏ రంగు వేయాలో తేల్చేస్తుంది.